నీడ కర్ర: ఆరుబయట పిల్లలతో ఒక రోజు ప్రయోగం ఎలా చేయించాలి

నీడ కర్ర అంటే ఎండలో నేల మీద నిలువుగా నాటిన కర్ర. దాని నీడ రోజంతా ఎలా జరుగుతుందో గుర్తులు పెట్టి చూడటమే ప్రయోగం. దీన్ని చేయించిన టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు మూడు. పన్నెండింటికి నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండాలి కదా, మాకెందుకు రాలేదు? గుర్తులన్నీ కలిపితే గీత మెలికలు తిరిగిందేం? పిల్లలు అరగంటకే విసిగిపోయారు, వాళ్లను ఎలా నిలబెట్టాలి? రెండో ప్రశ్నకు జవాబు కదిలిన కర్ర మొదట్లోనో, జరిగిన రాయిలోనో దొరుకుతుంది. మొదటిదానికి గడియారంలో. మూడోదానికి ఒక్క గుప్పెడు రంగు గులకరాళ్లలో. ఎలాగో కింద చూడండి.

ఇది 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు, అంటే 1 నుంచి 5 తరగతుల వారికి పనికొస్తుంది. ముందురోజు మీకు అరగంట పని. ప్రయోగం రోజున ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా, మధ్యమధ్యలో ఐదేసి నిమిషాలు. మిగతా పాఠాలు ఆపక్కర్లేదు.

కావలసినవి (ఐదుగురి జట్టుకు ఒక కర్ర లెక్కన)

- 70 సెం.మీ. కర్ర ఒకటి. బొటనవేలి లావుంటే చాలు.
- 3 సెం.మీ. బంకమట్టి ఉండ. లేదంటే చిల్లు పెట్టిన ప్లాస్టిక్ బంతి.
- రెండు మీటర్ల పురికొస, ఇంకో మీటరు సన్న దారం, దారానికి కట్టడానికి ఒక ఇనుప నట్టు.
- కొలత టేపు.
- రెండు రంగుల గులకరాళ్లు, రంగుకు పదిహేను చొప్పున. సుద్దతో రంగు పూసినా సరే.
- 3 సెం.మీ. వెడల్పున కత్తిరించిన పొడవాటి కాగితం పట్టీలు, పెద్ద చార్టు ఒకటి, జిగురు.
- ఒకే ఒక్క గడియారం. జట్టుకో గడియారం ఉంటే వాటి మధ్య తేడాతోనే తగువు మొదలవుతుంది.
- అట్ట, కాగితం, పెన్సిల్, సుద్దముక్క.

ఉండ ఎందుకంటే, ముందు రక్షణ కోసం. నేలలో గుచ్చిన కర్ర కొస వంగిన పిల్లల కంటికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది. ఉండ లేకుండా కర్ర నాటకండి. రెండో లాభం కొలతకు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ అంచు మసకబారుతుంది. కర్ర కొస నుంచి నేల మీది నీడ దాకా వాలుగా మీటరు దూరం ఉంటే ఆ మసక సుమారు 9 మిల్లీమీటర్లు. పొద్దు వాలుగా ఉంటే అది నేల మీద ఇంకా సాగుతుంది. ఒట్టి కర్ర కొస నీడ ఎక్కడ ఆగిందో ఇద్దరు పిల్లలు రెండు చోట్ల చూపిస్తారు. ఉండ నీడకైతే నడిమి భాగాన్ని ఎవరైనా ఒకేచోట చూపిస్తారు.

ముందురోజు: చోటు చూసుకోవడం

కర్ర నుంచి పడమటి వైపూ తూర్పు వైపూ ఒకటిన్నర మీటర్ల ఖాళీ నేల కావాలి. ఉదయం నీడ పడమటి వైపు, మధ్యాహ్నం తరువాత తూర్పు వైపు పడుతుంది. నేల నుంచి ఉండ 50 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీడ 137 సెం.మీ., 30 డిగ్రీలకు 87, 45 డిగ్రీలకు సరిగ్గా 50, 60 డిగ్రీలకు 29 సెం.మీ. ఉంటుంది.

ఉదయం తొమ్మిదిన్నరకు ఎండ ఉందని చూసి ఊరుకోకండి. రెండున్నరకు మళ్లీ వెళ్లి చూడండి. ఈ ప్రయోగాలు తరచూ మధ్యలో ఆగిపోయేది మధ్యాహ్నం ఏ గోడ నీడో, చెట్టు నీడో వచ్చి మీద పడటం వల్లే.

నేల వాలు కూడా చూడాలి. సగం నీళ్లున్న పారదర్శకమైన సీసాను అడ్డంగా పడుకోబెట్టి, నీటి మట్టం సీసా పొడవునా ఒకేలా ఉందేమో రెండు దిక్కుల్లోనూ చూడండి. రసమట్టం దొరికితే ఇంకా మేలు. నున్నటి నేలైతే గోళీ పెట్టి వదలండి, దానంతటదే దొర్లకూడదు.

నేల సిమెంటుదైతే కర్రను తడి ఇసుక నింపిన బకెట్టులో గుచ్చండి. అప్పుడు ఎత్తు నేల నుంచి ఉండ నడిమికి కొలవాలి, ఇసుక పైనుంచి కాదు. బకెట్టు చుట్టూ సుద్దతో గీత గీసి ఉంచండి, ఎవరైనా తగిలి జరిగితే తెలిసిపోతుంది. మధ్యాహ్నపు నీడ బాగా పొట్టిగా ఉండే రోజుల్లో ఈ పద్ధతి వద్దు. ఉండ నీడ బకెట్టు మీదే పడి నేల మీదికి రాదు.

చేసే విధానం

1. కర్ర నాటండి. 20 సెం.మీ. నేలలోకి దించి, ఉండ గుచ్చి, ఉండ నడిమి ఎత్తు నేల నుంచి 50 సెం.మీ. వచ్చేలా సరిచేయండి. చుట్టూ మట్టి కూరి గట్టిగా తొక్కండి. ఈ కర్రకు పాత పేరు శంకువు. శంకుస్థాపన అనే మాటలో ఉన్న శంకువే.

2. పాదబిందువు, అంటే ఉండ నడిమికి సరిగ్గా కింద నేల మీద ఉండే చోటు, గుర్తించండి. అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. దారానికి నట్టు కట్టి ఉండ పక్క నుంచి వేలాడదీయండి. దారం ఊగడం ఆగాక కర్రకు సమాంతరంగా ఉందేమో రెండు వైపుల నుంచి చూడండి. ఒక వైపు నుంచే చూస్తే ఇంకో వైపు వాలు కనబడదు. కర్ర 3 డిగ్రీలు వాలినా ఉండ రెండున్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మధ్యాహ్నం వేళ నీడ దాదాపు పది నిమిషాల్లో జరిగే దూరమది.

కర్ర కొంచెం వంకరగా ఉంటే దాంతో కుస్తీ పట్టనక్కర్లేదు. ఉండ నడిమికి సరిగ్గా కింద నేల మీద పడే బిందువును నట్టుతో కనిపెట్టి అక్కడో చిన్న పుల్ల గుచ్చండి. ఇక మీదట అన్ని కొలతలూ ఆ పుల్ల నుంచే, కర్ర మొదలు నుంచి కాదు. అలా చేస్తే వంకర కర్ర కూడా నిటారు కర్రలాగే సరైన ఫలితమిస్తుంది. నీడకు తెలిసింది ఉండ ఎక్కడుందనే. కింద కర్ర ఏ దారిన వచ్చిందన్నది దానికి పట్టదు.

3. పనులు పంచండి. ఒకరు గులకరాయి పెడతారు, ఒకరు టేపు పడతారు, ఒకరు రాస్తారు, ఒకరు గడియారం చూస్తారు, ఒకరు ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తారు. ప్రతి గుర్తుకూ పనులు మారాలి. లేకపోతే చురుకైన బిడ్డే రోజంతా రాయి పెడుతుంది.

సూర్యుణ్ని నేరుగా చూడొద్దని ఇక్కడే చెప్పండి, పొగ పట్టిన గాజుతోనో నల్లకళ్లద్దాలతోనో కూడా. "సూర్యుడు ఎక్కడున్నాడో చూడండి" అని మీరే పొరపాటున అనేస్తారు, జాగ్రత్త. "నీడకు ఎదురు దిక్కు చూపించండి" అనండి, పని అయిపోతుంది.

4. మొదటి గుర్తు పెట్టండి. ఉండ నీడ నడిమిన తెల్లరాయి. పాదబిందువు నుంచి రాయి నడిమికి పొడవు కొలిచి, టైముతో పాటు రాయండి. అదే పొడవుకు ఒక కాగితం పట్టీ కత్తిరించి దాని మీద కూడా టైము వేయండి. ఒకటి, రెండు తరగతుల వారికి టేపు వద్దు, పట్టీయే కొలత. రాళ్లను ఎవరైనా తన్నేసినా రాసిన కొలతలూ పట్టీలూ మిగులుతాయి.

5. వెంటనే ఊహ పెట్టించండి. "ఇంకో అరగంటకు నీడ ఎక్కడికి వస్తుంది?" ప్రతి బిడ్డా తన పేరులోని మొదటి అక్షరం రాసిన ఎర్రరాయిని తనకు తోచిన చోట పెట్టాలి. మీరు తలూపకూడదు, ముఖం ముడవకూడదు. విసుగుకు మందు ఇదే. తన రాయి నెగ్గిందా లేదా చూసుకోవడానికి అరగంటకు పిల్లలే పరుగెత్తుకొస్తారు. మొదటిసారి చాలామంది రాయిని ఉన్న నీడ పొడుగునే ఇంకాస్త దూరంలోనో దగ్గరలోనో పెడతారు. నీడ పక్కకు కూడా నడుస్తుందని వాళ్లకింకా తట్టదు. మూడో గుర్తు వచ్చేసరికి రాళ్లు వంపు తిరుగుతున్న బాటలో పడటం మొదలవుతుంది. ఆ మార్పు కోసమే ఈ రోజంతా.

6. అరగంటకో గుర్తు పెట్టుకుంటూ పోండి. గుర్తు సమయానికి మబ్బు కమ్మితే పట్టికలో "మబ్బు" అని రాసి వదిలేయండి. పది నిమిషాలు ఆలస్యంగా ఎండ వస్తే అప్పుడు గుర్తు పెట్టి, అసలు టైమే రాయండి. 10:40కి పెట్టిన రాయికి 10:30 అని రాస్తే తరువాత చార్టు మీద పట్టీల వరుస అక్కడే విరుగుతుంది. గుర్తును ఊహించి పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఖాళీ గడి తప్పు కాదని పిల్లలకు చెప్పాల్సిన సందర్భం ఇదే.

7. మధ్యాహ్నానికి ముందే మూడు వృత్తాలు గీయండి. సుమారు 10, 10:30, 11 గంటలకు పెట్టిన రాళ్ల గుండా, పాదబిందువు కేంద్రంగా. పురికొసను పుల్లకు వదులుగా ముడివేసి, రెండో కొసన సుద్దముక్కో పుల్లో కట్టి తిప్పాలి. కొస కర్రకు చుట్టుకుంటే వృత్తం లోపలికి ముడుచుకుపోతుంది, చూసుకోండి. ఒక్క వృత్తంతో సరిపెట్టకండి. మధ్యాహ్నం నీడ ఆ గీతను తాకే క్షణాన మబ్బు వస్తే రోజంతా వృథా.

8. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఇద్దరిద్దరు చొప్పున కాపు కాయించండి. నీడ మళ్లీ పొడవవుతూ ఒక్కో వృత్తాన్నీ లోపలి నుంచి తాకుతుంది. ఉండ నీడ నడిమి భాగం గీత మీదికి రాగానే రాయి, టైము.

మిట్టమధ్యాహ్నం ఎప్పుడు?

పొట్టి నీడ కోసం పన్నెండు దగ్గర కూర్చుని కొలిస్తే దొరకదు. మధ్యాహ్నపు నీడ 29 సెం.మీ. ఉండే రోజునే తీసుకోండి. ఆ వేళకు అటూ ఇటూ పదిహేను నిమిషాల్లో నీడ పొడవులో వచ్చే మార్పు 3 మిల్లీమీటర్లు మించదు. అది ఉండ నీడ మసకలోనే కలిసిపోతుంది. అదే పదిహేను నిమిషాల్లో నీడ పక్కకు మాత్రం మూడున్నర, నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది.

అందుకే వృత్తాల దారి. ఒకే వృత్తాన్ని నీడ తాకిన రెండు టైముల నడిమి టైమే అక్కడి మిట్టమధ్యాహ్నం. ఉదాహరణకు మొదటి వృత్తం 10:12, 1:56. మధ్య సమయం 3 గంటల 44 నిమిషాలు, అందులో సగం 1 గంట 52 నిమిషాలు, కలిపితే 12:04. రెండోది 10:40, 1:30 అయితే 12:05. మూడోది 11:05, 12:59 అయితే 12:02. మూడింటి మధ్యా ఐదారు నిమిషాల తేడా ఉంటే మీ పని బాగుంది. పావుగంట దాటితే పాదబిందువునో నేల వాలునో అనుమానించండి.

వచ్చిన జవాబు పన్నెండుకు దూరంగా ఉన్నా కంగారొద్దు. గడియారం ఒక ప్రాంతమంతటికీ ఒకటే, సూర్యుడు మాత్రం ఒక్కో చోట ఒక్కో వేళకు నడినెత్తి గీత దాటతాడు. ఒక డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు తేడా. దీనికి తోడు ఏడాదిలో తేదీని బట్టి 14 నిమిషాలు వెనక్కో 16 నిమిషాలు ముందుకో జరుగుతుంది. వేసవిలో గడియారాలు గంట ముందుకు తిప్పే చోట ఆ గంట కూడా కలుస్తుంది. ఐదో తరగతి లోపు పిల్లలకు ఇదంతా అక్కర్లేదు. "మన సూర్యుడి మధ్యాహ్నం 12:04కి వచ్చింది" అంటే చాలు.

దిక్కులు గీయడం

ఒక వృత్తం మీది ఉదయపు గుర్తునూ మధ్యాహ్నపు గుర్తునూ పురికొసతో కలపండి. అది తూర్పు పడమరల గీత. ఉదయం గుర్తు ఎప్పుడూ పడమటి వైపే. ఆ కొసను సగానికి మడిస్తే నడిమి బిందువు దొరుకుతుంది. పాదబిందువు నుంచి ఆ నడిమి బిందువు గుండా గీసింది ఉత్తర దక్షిణాల గీత.

ఉత్తరం ఏ వైపో తేల్చడానికి నీడను నమ్మకండి. "మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుంది" అన్న మాట కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న చోట్లకే ఏడాది పొడవునా నిజం. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న చోట్ల ఏడాదిలో కొన్నాళ్లు ఉత్తరానికి, కొన్నాళ్లు దక్షిణానికి పడుతుంది. మకర రేఖకు దక్షిణాన ఎప్పుడూ దక్షిణానికే. ఎక్కడైనా పనిచేసే పద్ధతి ఒకటుంది. ఉదయపు గుర్తు ఎడమచేతి వైపు, మధ్యాహ్నపు గుర్తు కుడిచేతి వైపు ఉండేలా నిలబడితే ముఖం ఉన్నది ఉత్తరానికి.

నడిమి బిందువు పాదబిందువుకు జానెడు లోపే పడితే గీత నమ్మదగ్గది కాదు. అప్పుడు తూర్పు పడమరల గీతకే లంబం గీయండి. పురికొస మీద వరుసగా 30, 40, 50 సెం.మీ. ఎడంతో ముడులు వేసి త్రిభుజంగా సాగదీస్తే 30, 40 భుజాల మధ్య లంబకోణం వస్తుంది.

రెండు గుర్తులతో పావుగంటలో దిక్కులు కనిపెట్టే అడ్డదారి కూడా ఉంది. ఒక గుర్తు పెట్టి, పదిహేను నిమిషాలాగి ఇంకోటి పెట్టి కలపడమే. మిట్టమధ్యాహ్నం చుట్టుపక్కల ఫరవాలేదు. ఉదయమూ సాయంత్రమూ బాగా తప్పుతుంది. వేళ లేనప్పుడు చేయించండి గానీ దాన్నే సరైన దిక్కుగా నేల మీద రంగు వేయకండి.

సరిగ్గా వచ్చిందా?

- రాళ్ల బాట నున్నటి వంపుగా ఉండాలి. మార్చి 20, సెప్టెంబరు 22, 23 తేదీల దగ్గర వంపు పోయి దాదాపు తిన్నటి గీత వస్తుంది, అది తప్పు కాదు. ఒక్క రాయి బాట తప్పి ఉంటే రాసిన కొలతతో పోల్చండి. ఎవరి కాలో తగిలి ఉంటుంది.
- కాగితం పట్టీలను టైము వరుసలో, అరగంటకు సమాన దూరం వదిలి, చార్టు మీద నిలువుగా అతికించండి. అడుగులన్నీ ఒకే గీత మీద ఉండాలి. పిల్లలు పై కొసలు సమానంగా పెట్టి అతికించడం మామూలే. ముందే అడుగు గీత గీసి ఇవ్వండి. పై కొసలు గిన్నె ఆకారంలో దిగి ఎక్కితే సరి. మబ్బు పట్టిన చోట ఖాళీ వదలండి, పట్టీలను దగ్గరికి జరపకండి.
- మర్నాడు మీరు లెక్కగట్టిన వేళకు నీడ ఉత్తర దక్షిణాల గీత మీదికి రావాలి. ఒక్క రోజులో ఆ వేళ అర నిమిషం కూడా మారదు, కాబట్టి ఇదే అన్నిటికంటే మంచి పరీక్ష.
- దిక్సూచితో పోల్చితే కొన్ని డిగ్రీల తేడా రావచ్చు. సూది చూపేది అయస్కాంత ఉత్తరాన్ని, మీ గీత భౌగోళిక ఉత్తరాన్ని. నట్టు, ఇనుప కంచె, ఫోను దగ్గరలో ఉంటే సూది ఇంకా పెడదారి పడుతుంది.

"పన్నెండింటికి నీడ ఉండదు" అని పిల్లలు గట్టిగా వాదిస్తారు. కొన్నిసార్లు పెద్దలూ. వాదించకండి, మధ్యాహ్నపు పట్టీ చేతికివ్వండి. నీడ పూర్తిగా కర్ర మొదట్లోకి వెళ్లిపోయేది కర్కట, మకర రేఖల మధ్య ఉన్న చోట్ల మాత్రమే, అదీ ఏడాదికి రెండు రోజులు.

తరగతిని బట్టి మార్పులు

1, 2 తరగతుల వారికి వృత్తాలు, దిక్కులు వద్దు. సిమెంటు నేల మీద పాదాల చుట్టూ సుద్దతో గీసి, అదే ముద్రలో రోజుకు మూడుసార్లు నిలబెట్టి జంట బిడ్డ చేత నీడ గీయించండి. గీసేటప్పుడు తల తిప్పకూడదు, చేతులు ఒంటికి ఆనించి ఉండాలి. ఒక్కో వేళకు ఒక్కో రంగు సుద్ద.

4, 5 తరగతుల వారికి చెట్టు ఎత్తు లెక్క ఇవ్వండి. కర్ర నీడ 40 సెం.మీ. ఉన్న క్షణాన స్తంభం నీడ 4.8 మీటర్లుంటే, దాని ఎత్తు 4.8 × 50 ÷ 40 = 6 మీటర్లు. రెండు నీడలూ ఒకే నిమిషంలో కొలవాలి, రెండు జట్లను ముందే నిలబెట్టి ఈల వేయండి. ముందు ఎత్తు తెలిసిన స్తంభంతో సరిచూసుకుని తరువాత చెట్టుకు వెళ్లండి. గుబురు చెట్టుకు లెక్క తప్పుతుంది, నీడ అంచున పడేది చిటారు కొమ్మ కాకుండా పక్క కొమ్మ కావచ్చు.

బయట చోటే లేకపోతే అట్ట మీద చిన్న నీడలు చాలు. నిలువు 30, అడ్డం 42 సెం.మీ. ఉండే కాగితం, నడుమ 10 సెం.మీ. పెన్సిల్, అడుగున బంకమట్టి, పైన చిన్న ఉండ. సూర్యుడు 30 డిగ్రీలకు పైన ఉన్నంతసేపూ నీడ అటూ ఇటూ కాగితం దాటదు. నీడ పొట్టి కాబట్టి అంచు కూడా స్పష్టంగా ఉంటుంది. ప్రమాదమల్లా అట్ట జరగడం. గాలికి కొంచెం తిరిగినా ఆ తరువాతి గుర్తులన్నీ తప్పే. నాలుగు మూలలా సుద్దతో నేల మీద గీసి, బరువులు పెట్టండి. మధ్యలో లోపలికి తీసుకెళ్లి తెచ్చే పని అసలు పెట్టుకోకండి.

ఏడాది పొడవునా కొనసాగించాలనుకుంటే ప్రతి నెలా 21న, సెలవైతే దగ్గరి పనిదినాన, నీడ ఉత్తర దక్షిణాల గీత మీదికి వచ్చిన క్షణాన ఒక్క పట్టీ కత్తిరించండి. గీత దాటే టైము నెలనెలా కొంచెం మారుతుంది, అందుకని గడియారం చూసి కాకుండా నీడ గీత మీదికి రావడం చూసి కత్తిరించాలి. మార్చి, సెప్టెంబరు చుట్టూ పట్టీల పొడవు చకచకా మారుతుంది, జూన్, డిసెంబరుల్లో దాదాపు ఆగినట్టుంటుంది. కర్ర పీకేసి మళ్లీ నాటాల్సి వస్తే పాదబిందువు దగ్గర ఒక ఇటుకను నేల మట్టానికి పాతి దాని మీద చిల్లు గుర్తు పెట్టుకోండి. నట్టు ప్రతిసారీ ఆ గుర్తు మీదికే దిగాలి, ఉండ నడిమి ఎత్తు 50 సెం.మీ. దగ్గరే ఉండాలి.